ఏరుకోని డొప్ప

"ఇదిగో, నీ ముద్దాయి సంతకం," అంటూ షెరిఫ్ డ్వైట్ పర్డమ్ ఆ ఖాళీ తూటా డొప్పను బల్ల మీద నిలబెట్టాడు.

వేలెడు పొడవు ఇత్తడి డొప్ప. అడుగున గుండ్రంగా గులాబీ గోళ్ళరంగు చుట్టు. ఫెర్రిస్ క్రీక్ తుపాకీ క్లబ్బులో ఎవరిని అడిగినా చూడకుండానే చెబుతారు, అది ఆర్లో స్వెన్‌సన్ తన చేత్తో మందు దట్టించిన తూటా అని. పక్కవాళ్ళ తూటాలతో కలిసిపోకుండా ఆయన ప్రతిదానికీ ఆ రంగు పూస్తాడు. భార్య పోయి పదేళ్ళయినా ఆవిడ సీసాలు ఇంకా అయిపోలేదు. ఆవిడకి గోళ్ళరంగంటే అంత పిచ్చి.

అడవి జంతువుల శాఖ డిటెక్టివ్ హెట్టీ క్రోనిన్ డొప్పను ముట్టుకోలేదు. ముందు కాఫీ ఒక గుక్క తాగి మొహం చిట్లించింది.

"డ్వైట్, నీకు విచారణ గది ఎందుకు? ఈ కాఫీ పోస్తే చాలు, ఎవడైనా నిజం కక్కేస్తాడు."

"నవ్వు, నవ్వు. షెరిఫ్ ఎన్నికలు దగ్గర పడ్డాయి. మేయర్‌ని కాల్చింది ఎవడని ఊరంతా నా గడప అరగదీస్తోంది."

మేయర్ అంటే మనిషి కాదు. ఎల్క్ దుప్పి. గుర్రమంత ఎత్తు, చెట్టంత కొమ్ములు. ఆరేళ్ళుగా మా ఊరి వీధుల్లో తిరుగుతూ, కారు హారన్ కొట్టినా దారి తొలగకుండా, ఎవరి పెరట్లో పళ్ళు పండితే వాళ్ళింటికి భోజనానికి వెళ్ళేది. ఊరినిండా వేటగాళ్ళే. అయినా దాని మీద ఒక్కడూ తుపాకీ ఎత్తలేదు. అలాంటిది నిన్న పొద్దున, చర్చి వెనక ఆపిల్ తోటలో, పాస్టరు మొదటి కప్పు కాఫీ పోసుకునే వేళకి ఎవరో దాని మీద పేల్చారు. ప్రాణం పోలేదు. కుడి కొమ్ము సగానికి విరిగింది. గుండు కొమ్ముకి తగిలి తునకలైపోయింది కాబట్టి ఏ తుపాకీదో తేలే ఆశ లేదు. మేయర్ మాత్రం ఇవాళ కూడా ఒకటిన్నర కొమ్ములతో వచ్చి షెరిఫ్ గారి భార్య పెంచిన ఆపిల్ పళ్ళు తిని పోయింది.

నవ్వులాటలా ఉంది గాని, చట్టానికి నవ్వు రాదు. సీజన్ కాని రోజుల్లో, ఊరి నడుమ దుప్పి మీద పేల్చినవాడి వేట లైసెన్సు రద్దవుతుంది. దానితో పాటు చేతిలో ఉన్న పర్మిట్లన్నీ పోతాయి. ఆర్లో చేతిలో ఈ ఏడు ఉన్నది కొండపొట్టేలు వేట పర్మిట్. ముప్పై ఏళ్ళకు పైగా ప్రతి వసంతంలో లాటరీలో పేరు వేస్తే, డెబ్భై నాలుగో ఏట తగిలింది. మా మోంటానాలో అది జన్మకి ఒకసారి తగిలితే గొప్ప. తగలకుండా పోయినవాళ్ళే ఎక్కువ. రేపు తెల్లవారితే సీజన్ మొదలు.

ఆర్లో ఎదురుగా కుర్చీలో, ఫొటోకి కూర్చున్నట్టు చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"పెద్దాయనా, నిన్న పొద్దున ఎక్కడున్నారు?" అంది హెట్టీ.

"వంటింట్లో. డొప్పలు ఓవెన్‌లో ఆరబెడుతున్నాను."

"చూసినవాళ్ళు?"

"పిల్లి. సాక్ష్యానికి పిలిస్తే రాదు. దానికి షెరిఫ్ అంటే పడదు."

"నీ తుపాకీ శుభ్రంగా నూనె రాసి ఉంది," అన్నాడు షెరిఫ్ వేలు చూపిస్తూ. "పేల్చాక తుడిచేశావు."

"నా తుపాకీ ఎప్పుడూ శుభ్రంగానే ఉంటుంది, అబ్బాయ్. నీది ఎలా ఉంటుందో క్లబ్బులో అందరికీ తెలుసు."

హెట్టీ నవ్వు ఆపుకుని డొప్పను ఆయన ముందుకి జరిపింది. "ఇది మీదేనా?"

ఆర్లో కళ్ళజోడు పైకి తోసుకుని డొప్పను చేతిలోకి తీసుకున్నాడు. అడుగు చూశాడు. గోళ్ళరంగు మీద బొటనవేలు పెట్టి రుద్దాడు. తిప్పి, దీపానికి ఎదురుగా పట్టి, ఒక కన్ను మూసి లోపలికి చూశాడు. అంతవరకు పెదాల మీదున్న చమత్కారం దీపం ఆర్పినట్టు పోయింది. డొప్పను మెల్లగా బల్ల మీద పెట్టేశాడు.

"నేను మందు దట్టించిందే."

"మరి అక్కడికెలా వచ్చింది?"

"తెలీదు."

"ఎవరి మీదైనా అనుమానం?"

"లేదు." వకీలు కావాలా అని అడిగితే తల అడ్డంగా ఊపాడు. కాఫీ కావాలా అంటే ఇంకా గట్టిగా ఊపాడు.

షెరిఫ్ చేతులు దులుపుకున్నాడు. "విన్నావుగా, ఒప్పుకున్నాడు. కాగితం మీద సంతకం పెట్టు హెట్టీ, పర్మిట్ రద్దు చేద్దాం."

"పెడతాను. ముందు తోట చూపించు."

*

చర్చి తోట చుట్టూ కర్ర కంచె. గేటు పక్కన తెల్ల కంకర పరిచిన బాట.

"ఇక్కడ దొరికింది," అన్నాడు షెరిఫ్ బూటు కొనతో చూపిస్తూ. "కంకర మీద, ఎండలో మెరుస్తూ. మా డిప్యూటీ జీపు దిగుతూనే చూశాడు."

"జీపు దిగుతూనే." హెట్టీ వంగి కంకర చూసింది. గడ్డిపోచ లేదు. "డ్వైట్, నిరుడు ముసలి గుంథర్ అంత్యక్రియలు గుర్తున్నాయా? సైనిక గౌరవంతో గాలిలోకి పేల్చారు కదా. అప్పుడు ఆర్లో ఏం చేశాడు?"

షెరిఫ్ మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"చెప్పవయ్యా."

"...డొప్పలు ఏరుకున్నాడు."

"ఎప్పుడు?"

"పాస్టరు ప్రార్థన చదువుతుండగా."

"ఎక్కణ్ణుంచి?"

"శవపేటిక కిందనుంచి కూడా. సరే, సరే! మంచి ఇత్తడి నేల మీద చూస్తే ఆయన ప్రాణం నిలవదు, నాకూ తెలుసు. కాని నిన్న కంగారులో ఉండి ఉంటాడు."

"పేలింది ఎన్నిసార్లు?"

"ఒక్కసారే. పాస్టరు కాఫీ మీద ప్రమాణం చేసి చెప్పాడు."

"ఆర్లోది చేత్తో గొళ్ళెం లాగే తుపాకీ. గొళ్ళెం లాగితే గాని డొప్ప బయటికి రాదు. ఒక్కసారి పేల్చి పారిపోయేవాడు ఆగి గొళ్ళెం ఎందుకు లాగుతాడు? డొప్ప తుపాకీలోనే ఇంటికి పోదూ?"

"పేల్చగానే గొళ్ళెం లాగడం మనందరికీ అలవాటే హెట్టీ. నువ్వూ లాగుతావు. నిద్రలో కూడా లాగుతావు."

హెట్టీ ఒప్పుకుంది. అది న్యాయమైన మాటే. ఆమె కాగితం సంచీలోంచి డొప్పను తీసి అతని ముక్కు దగ్గర పెట్టింది. "వాసన చూడు."

"నాకు జలుబు."

"ఎన్నికల దాకా తగ్గదేమో. సరే, నేనే చెబుతాను. నిన్న పేలిన డొప్ప లోపల మసి ఉండాలి, కాలిన మందు వాసన రావాలి. ఇందులో మసి లేదు. అద్దంలా మెరుస్తోంది. అడుగున గోళ్ళరంగు చూడు, రాపిడికి మాసిపోయింది." ఆమె జడలోంచి పిన్ను లాగి డొప్ప లోపల మెల్లగా గోకింది. అరచేతిలో ఒక నలుసు రాలింది. బియ్యపు నూకలో సగం. దానికి అంటుకుని ఎర్రటి ధూళి.

"మట్టి," అన్నాడు షెరిఫ్.

"అక్రోటు పెంకు. మెరుగు పెట్టే ఎర్ర పొడి కలిపింది."

మందు దట్టించేవాళ్ళకి ఇంతకన్నా చెప్పనక్కర్లేదు. పేల్చిన డొప్పలు నల్లబడతాయి. వాటిని అక్రోటు పెంకుల పొడిలో వేసి, డ్రమ్ములో గంటలకొద్దీ దొర్లిస్తే కొత్తవాటిలా మెరుస్తాయి. తరువాత మళ్ళీ మందు దట్టించుకోవచ్చు. అంటే ఈ డొప్ప ఎప్పుడో పేలింది, ఎవరి డ్రమ్ములోనో దొర్లింది, ఎవరి అల్మారాలోనో కూర్చుంది. నిన్న పొద్దున ఎవరో తెచ్చి కంకర మీద పెట్టారు. మేయర్‌ని కొట్టిన తూటా డొప్ప మాత్రం ఆ మనిషి జేబులోనే ఇంటికి పోయింది.

"ఆర్లోకి డ్రమ్ము లేదు," అంది హెట్టీ. "బద్ధకస్తుల యంత్రం అంటాడు. వెనిగర్ నీళ్ళలో కడిగి ఓవెన్‌లో ఆరబెడతాడు. అదే ఓవెన్‌లో ఆయన చేసిన ఆపిల్ రొట్టె నేను తిన్నాను, ఇత్తడి రుచి నాకు బాగా గుర్తు. డ్వైట్, నేరం ఆయన మీదికి తోసినవాడు మన క్లబ్బువాడే. బయటివాడైతే మసి డొప్పనే పడేసేవాడు. మనవాళ్ళకి మురికి డొప్ప ఇంట్లో పెట్టుకోవడం చేతకాదు."

షెరిఫ్ ఆ ఎర్ర నలుసు వైపు చూసి, ఎందుకో గొంతు సవరించుకున్నాడు. "నలుసు పట్టుకుని ముద్దాయిని వదిలేస్తావా?"

"దుప్పి కేసు నా శాఖది. వదిలేస్తున్నాను."

"నీ పై అధికారికి ఫోన్ చేస్తాను!"

"చెయ్యి. జలుబు మందు కూడా అడుగు."

*

ఆఫీసు బయట, పికప్ బండి పక్కన ఆర్లోకి తుపాకీ, పర్మిట్ ఇచ్చేసింది హెట్టీ. ఆయన పర్మిట్‌ను చొక్కా జేబులో, గుండె వైపున పెట్టుకుని, జేబు గుండీ పెట్టాడు.

"ఎవరో కనిపెట్టావా?"

"ఇంకా లేదు. మధ్యాహ్నానికి కనిపెడతాను."

"వద్దు, అమ్మాయీ. ఇక్కడితో ఆపెయ్."

"ఎందుకు?"

"మేయర్‌ది కొమ్మే కదా. వచ్చే ఏటికి మళ్ళీ మొలుస్తుంది." ఆయన బండి ఎక్కి తలుపు వేసుకున్నాడు. "అన్నీ అలా మొలవవు."

"కొండకి మీ వెంట ఎవరొస్తున్నారు?"

"నా మోకాళ్ళు రెండూ. వాటికి ఇష్టం లేదు, అయినా వస్తాయి."

హెట్టీ నవ్వింది. ఆ నవ్వు తలుచుకుని తరువాత తనని తానే తిట్టుకుంది.

*

ఆ రోజు శనివారం, మధ్యాహ్నం క్లబ్బులో అట్ల విందు. పొయ్యి దగ్గర ఎప్పటిలాగే లైల్ ఓస్ట్‌బీ నిలబడ్డాడు. పొడుగాటి మనిషి, నడుముకి పువ్వుల గుడ్డ. ఆర్లోతో నలభై ఏళ్ళుగా ఒకే గుడారంలో పడుకున్నవాడు. ఇద్దరిలో ఎవరు ఎక్కువ గురక పెడతారన్నది క్లబ్బులో ఇంకా తేలని వ్యాజ్యం. గోడ పక్కన బెంచీల మీద పదిమంది దాకా తింటున్నారు. షెరిఫ్ కూడా వచ్చి, హెట్టీకి వీలైనంత దూరంగా కూర్చున్నాడు.

హెట్టీ కాగితం పళ్ళేలు పంచింది. "తినడానికి కాదు. వెనక గదిలో ఎవరి డ్రమ్ము వాళ్ళది ఉందిగా? ఒక్కొక్కరు తమ డ్రమ్ములోంచి గరిటెడు పొడి ఇందులో పోసుకు రండి."

"ఏం, ఇవాళ అట్లు దానితోనా?" అంది ఫ్రాన్సీన్. క్లబ్బులో అందరికన్నా బాగా గురి పెట్టేదీ, అందరికన్నా పెద్ద నోరున్నదీ ఆవిడే.

కాసేపటికి బల్ల మీద పళ్ళేలు వరసగా కూర్చున్నాయి. పచ్చ పొడి, గోధుమరంగు పొడి, మొక్కజొన్న కండె పొడి. చివర్లో షెరిఫ్, పెళ్ళివిందులో ముక్క దొరకనివాడిలా మొహం పెట్టుకుని, తన పళ్ళెం పెట్టాడు.

ఎర్రగా ఉంది.

కేకలతో గది పైకప్పు లేచిపోయింది.

"డ్వైట్! మేయర్‌ని నువ్వా?" ఫ్రాన్సీన్ లేచి నిలబడింది. "ఆపిల్ పళ్ళు తిన్నదని కక్షా? నీకు నా ఓటు లేదు పో! మా ఆయన ఓటూ లేదు!"

"నేను కాదు! హెట్టీ, వాళ్ళకి చెప్పు! ఆ ఎర్ర పొడి బస్తా ఒక్కడికే ఎక్కువని సగం సగం పంచుకున్నాం. మిగతా సగం... లైల్! నువ్వైనా చెప్పవయ్యా, సగం నీ దగ్గరుందని!"

అందరూ పొయ్యి వైపు తిరిగారు. లైల్ వెనక్కి తిరగలేదు. పెనం మీదినుంచి పొగ లేస్తోంది.

"లైల్ గారూ," అంది హెట్టీ మెల్లగా, "అట్టు మాడుతోంది."

"ఆర్లో ఎక్కడున్నాడు?"

"వదిలేశాను. తుపాకీ, పర్మిట్ ఇచ్చి పంపేశాను."

అట్లకాడ నేల మీద పడింది. లైల్ ఇటు తిరిగాడు. అతని మొహం పిండి కన్నా తెల్లగా ఉంది.

"ఎప్పుడు?"

"చాలాసేపైంది."

"ఒక్కడే వెళ్ళాడా? చెప్పు, ఒక్కడేనా? ఆ డొప్ప వాడికి చూపించావా?"

"చూపించాను. లోపలికి కూడా చూశాడు."

"అయితే నేనేనని తెలిసిపోయింది," అన్నాడు లైల్. పక్కనున్న బెంచీ మీద కూర్చున్నాడు. "ఏటా నా పుట్టినరోజుకి వాడు తూటాలు చేసి ఇస్తాడు. గులాబీ చుట్టుతో. నీ మొహానికి ఈ రంగు బాగుంటుందిరా అంటాడు. అందులోదే అది. ఎర్ర పొడి చూడగానే వాడికి తెలిసిపోతుంది."

"ఎందుకు లైల్?" ఫ్రాన్సీన్ గొంతులో ఇప్పుడు పదును లేదు. "నీకు పర్మిట్ తగల్లేదని కుళ్ళా?"

"వాడూ అదే అనుకుని ఉంటాడు." లైల్ రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు. "వేసవిలో వాణ్ణి డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. తలుపు సగం తెరిచే ఉంది. గుండె బాగాలేదు, మెట్లు కూడా చూసి ఎక్కమని డాక్టరు చెబుతుంటే విన్నాను. బయటికొచ్చి, ఏమీ లేదురా, వట్టి గ్యాసు అన్నాడు. ఏం చెయ్యను? మన ఊళ్ళో ఒకడితో నీ పెళ్ళాన్ని వదిలెయ్ అనొచ్చు. నీ కొండపొట్టేలు పర్మిట్ వదిలెయ్ అనగలమా? ఎవరైనా అనగలరా?"

అనలేమని అందరికీ తెలుసు.

"లైసెన్సు పోతే కోపంతో బతుకుతాడనుకున్నాను. బతికితే చాలనుకున్నాను. మేయర్‌ని చంపడానికి చెయ్యి రాలేదు, కొమ్ముకి గురి పెట్టాను." అతను హెట్టీ వైపు చూశాడు. "మేమిద్దరం కలిసి వెళ్ళాల్సింది. అడుగడుగునా వాణ్ణి ఆపుతూ, నా నడుం నొప్పి అని అబద్ధం చెబుతూ ఎలాగో ఎక్కించేవాణ్ణేమో. ఇప్పుడు నా మీద కోపంతో ఒక్కడే ఎక్కుతున్నాడు. ఊపిరి కోసం కూడా ఆగడు. వాడి సంగతి నాకు తెలుసు."

హెట్టీకి మోకాళ్ళ మాట గుర్తొచ్చింది. నేరస్థుణ్ణి పట్టుకోవాలన్న సరదాలో తనే ఆ ముసలాయన చేతికి పర్మిట్ ఇచ్చి కొండ మీదికి తోలింది.

షెరిఫ్ లేచాడు. నడుముకున్న బేడీల మీద చెయ్యి వేశాడు. ఆ చేతిని అక్కడినుంచి జేబులోకి పోనిచ్చి బండి తాళాలు బయటికి లాగాడు.

"నా బండి వేగంగా పోతుంది. లైల్, ఆ పువ్వుల గుడ్డ విప్పు. నా బండిలో దానితో కూర్చోనివ్వను."

*

కొండదారి మొదట్లో ఆర్లో పికప్ నిలిచి ఉంది. లోపల ఎవరూ లేరు. సీటు మీద రొట్టె పొట్లం, ఇంకా విప్పలేదు. దాని పక్కనే మాత్రల సీసా, అదీ విప్పలేదు.

షెరిఫ్ సీసా తీసుకుని జేబులో వేసుకుంటుండగా పైనుంచి తుపాకీ పేలింది.

షెరిఫ్, లైల్, హెట్టీ ముగ్గురూ ఆగిపోయారు. సీజన్ రేపు. రేపటిదాకా ఆర్లో ఏ జంతువు మీదా పేల్చడు.

మళ్ళీ పేలింది. కాస్త ఆగి, మూడోసారి.

వరసగా మూడు పేలితే ఆపదలో ఉన్నాననీ, రమ్మనీ అర్థం. ఈ కొండల్లో పుట్టినవాళ్ళకి అది అక్షరాల కన్నా ముందు నేర్పిస్తారు.

లైల్ అప్పటికే ఎక్కుతున్నాడు. నడుం నొప్పి అని అబద్ధం చెబుతానన్న మనిషి మేకలా ఎగబాకుతుంటే వెనక ఇద్దరికీ అందలేదు.

"మూడు పేల్చాడంటే మనిషి బాగానే ఉన్నాడు," అన్నాడు షెరిఫ్ రొప్పుతూ. "గొళ్ళెం మూడుసార్లు లాగాడుగా. ఏ రాయి మీదో కూర్చుని కాలు బెణికిందని తిట్టుకుంటూ ఉంటాడు."

"కూర్చోడు," అంది హెట్టీ. ఆమెకి కూడా అదే నమ్మాలని ఉంది. "డొప్పలు ఏరుకుంటూ ఉంటాడు. మనం వెళ్ళేసరికి మూడూ జేబులో వేసుకుని, ఇంత ఆలస్యమా అంటాడు. చూస్తూ ఉండు."

షెరిఫ్ నవ్వాడు. ఆ నవ్వు మలుపు దాకా వాళ్ళని నడిపించింది.

మలుపు తిరిగాక దారి ఇరుకైంది. ఒక పక్క కొండ, ఇంకో పక్క అప్పుడే రాళ్ళు జారిన వాలు. దారి మధ్యలో లైల్ మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. అతని అరచేతిలో ఒక డొప్ప. ఎదురుగా మట్టిలో, పసిపిల్లాడికైనా కనబడేలా, ఇంకో రెండు.

హెట్టీ ఒకటి తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. కాలిన మందు ఘాటు. లోపల నల్లటి మసి. అడుగున గులాబీ రంగు, కొత్తగా, మాయకుండా.

ఈసారి అనుమానానికి చోటు లేదు. ఇవి ఆర్లో పేల్చినవే. మూడూ పడినచోటే ఉన్నాయి.

ఆర్లో లేడు.